నాపబండ మీద పియానో

ముందుగా మన్నించమని అడగాలి. పోయిన వారం ఈ కథ పత్రికలో రాలేదు. ఆ తప్పు నాదే. నా మనవరాలు పలక పట్టినప్పుడు ఆమె పక్కన కూర్చుని నేనూ అక్షరాలు దిద్దాను. అంతకు ముందు వేలిముద్రే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ అక్షరం పొట్టలో చుక్క ఉంటుందో ఇప్పటికీ ఆగి చూసుకోవాలి. మనసు ముందు పోతుంటే చెయ్యి వెనక కుంటుకుంటూ వస్తుంది. పైగా ఈ భాగంలో రాయాల్సిన పొద్దు నాకు కష్టమైన పొద్దు. రాసి చించి, మళ్ళీ రాశాను. నా తప్పులు దిద్దే పత్రికవాళ్ళకు దండం. దిద్దగా మిగిలినవి ఉంటే చదివేవాళ్ళు సర్దుకోండి.

ఇంతవరకు చదవనివాళ్ళకు నాలుగు మాటలు చెప్తాను. ఫిరోజా నా కూతురి బిడ్డ. కూతురు షంషాద్, అల్లుడు అబూబకర్ కడపలో పరుపుల అంగడి పెట్టుకున్నారు. అంగడి వెనకే ఇల్లు. పొద్దస్తమానం దూది దుమ్ము. బిడ్డకు దగ్గు పట్టుకుంటే అప్పుడు నేనుండే కర్నూలు బుధవారపేటకు తెచ్చి నా దగ్గర వదిలారు. ఆ వీధిలోనే ఎస్తేరు టీచరమ్మ ఉంటుంది. బడి ఉద్యోగం అయిపోయాక ముందు గదిలో చిన్నపిల్లలకు పియానో నేర్పుతుంది. పిల్లలు పొట్టిగా ఉంటారు, స్టూలు మీద ఎత్తుగా కూర్చోవడానికి ఒక దిండు కుట్టివ్వమని నన్ను అడిగింది. దిండు కొలత కోసం ఫిరోజాను ఆ స్టూలు మీద కూర్చోబెట్టాం. ఆ పిల్ల మళ్ళీ దిగలేదు.

ఇంట్లో మాకు పియానో ఎక్కడిది? నడవలోని నాపబండ మీద సుద్దముక్కతో మెట్లు గీసుకుంది. తెల్ల మెట్లు ఖాళీగా, నల్ల మెట్లు బొగ్గు రుద్ది. వేళ్ళు బండ మీద, పాట నోట్లో. డో రే మీ అని పాడుతూ వాయించి, “సరిగ్గా ఉండాదా అవ్వా?” అని అడిగేది. ప్రతి క్లాసులోనూ బిడ్డ వెనకాల కూర్చునేదాన్ని కాబట్టి ఆ చప్పుళ్ళు నా చెవిలో పడిపోయాయి. సూది ఆపకుండానే అవును అనో కాదు అనో చెప్పేదాన్ని. కాదు అంటే మళ్ళీ పాడేది. మా ఇంట్లో సంగీతం అంతే.

ఇప్పుడు అల్లుడు కడపలో ఒక పెద్ద హాస్టలు బడిలో సీటు సంపాదించాడు. అక్కడ పొద్దున లేస్తే లెక్కలు, పడుకునేదాకా లెక్కలు. పియానోకు చోటు లేదు, అవ్వకూ చోటు లేదు. బిడ్డను నా దగ్గరే ఉంచమని బతిమాలితే, చివరికి ఒక మాటకు ఒప్పుకున్నాడు. కడపలో జరిగే మొదటి పియానో పరీక్ష పాసైతే ఫిరోజా నా దగ్గరే ఉంటుంది. పాసు కాకపోతే ఆ దినమే హాస్టలు. ఫిరోజా పరీక్ష గదిలోకి పోయి తలుపు మూసుకుంది. పోయిన భాగం అక్కడ ఆపాను.

తలుపు మూసుకోగానే గిడ్డయ్య దాని ముందు ఇనుప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పరీక్ష జరుగుతున్న ఆ ఇంగ్లీషు బడిలో అటెండరు. మెడలో తాళంచెవుల గుత్తి. “గట్టిగా మాట్లాడగాకండి. లోపలున్న మద్రాసు మేడమ్ శానా స్ట్రిక్టు,” అని మాకు గట్టిగానే చెప్పాడు.

వసారా పొడుగునా ఎండ పడుతోంది. నేను కొసన స్తంభం పక్కన కొంగు కప్పుకుని కూర్చున్నాను. అబూబకర్ ఇంకో కొసన నిలబడ్డాడు. నడుమ బెంచీ మీద ఎస్తేరు టీచరమ్మ. అల్లుని ముఖం చూసి మాట్లాడటం మా ఇండ్లలో లేదు. ఇప్పటి ఆడవాళ్ళు మానేశారు గానీ నాకు నోరు రాదు. పెళ్ళైన కొత్తలో షంషాద్ నోటితో చెప్పించేదాన్ని, తర్వాత ఫిరోజా నోటితో. ఇద్దరూ దగ్గర లేకపోతే గోడకు చెప్పేదాన్ని. అల్లుడు కూడా నాకు చెప్పాల్సింది గోడకే చెప్పేవాడు.

“టీచరమ్మా, ఇంతకూ ఈ పరీక్ష పాసైతే ఏమొస్తాది?” అన్నాడు అబూబకర్.

“తర్వాతి పరీక్షకు కూర్చోవచ్చు నాయనా.”

“అదీ పాసైతే?”

“దాని తర్వాతిది.”

గిడ్డయ్య కిసుక్కుమన్నాడు. “మెట్లెక్కేదే గానీ మిద్దె యాడుండాదో చెప్పరప్పా ఈళ్ళు.”

అబూబకర్ నవ్వలేదు. చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుతూ, “నేనేం చెడ్డోణ్ణి గాదు టీచరమ్మా,” అన్నాడు. “నా మాదిరి నా బిడ్డ దూది మింగి దగ్గుకుంటా బతకగూడదు. ఈ సీటు కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నాకే తెలుసు. హాస్టలోళ్ళ ఆపీసు మూసేలోపల అవునో కాదో చెప్పాల. అత్తకేమో ఇదంతా ఆట.”

నేను స్తంభం వైపు చూసి, “ఆట గాదని చెప్పమ్మా టీచరమ్మా,” అన్నాను.

“ఆట కాదంట,” అంది టీచరమ్మ.

“ఇన్నాలే,” అన్నాడు.

నిజంగానే ఆట కాదు. మొదట్లో ఆ బిడ్డకు వేళ్ళ లెక్కే పట్టుబడలేదు. పియానోలో బొటనవేలు ఒకటో వేలు, చిటికెనవేలు ఐదోది. నమాజు తర్వాత నేను వేళ్ళ మీద తస్బీ లెక్కపెట్టేది చిటికెనవేలి నుంచి. నన్ను చూసి పెరిగిన పిల్ల కాబట్టి ఒకటి అంటే చిటికెనవేలు నొక్కేది, పాటంతా తలకిందులు. టీచరమ్మ ఒక్కనాడూ కసురుకోలేదు. వేళ్ళు బల్లపరుపుగా పెడితే, “సంగటి ముద్ద పట్టుకునే చెయ్యి పెట్టమ్మా. ఆఁ, ముద్ద పడిపోయింది చూడు,” అనేది. ఫిరోజా చెయ్యి గుండ్రంగా చేసి, పడిన ముద్దను మళ్ళీ ఎత్తుకునేది. పుస్తకంలోని పాటలకు ఇంగ్లీషు పేర్లుంటే, పిల్లలకు నచ్చేట్టు టీచరమ్మ తెలుగు పేర్లు పెట్టింది. మొదటిది గంటల పాట.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. మేడమ్ ఏదో అడిగింది. తర్వాత ఒక్క చప్పుడు, డో.

వెంటనే ఆగిపోయింది.

మళ్ళీ డో. ఈసారి మెల్లగా, వేడిపాలలో వేలు ముంచినట్టు. మళ్ళీ ఆగింది. నాకూ ఏదో తేడాగా వినిపించింది. మా డో ఇట్లా అరవదు, కొంచెం లోపలి నుంచి వస్తుంది. పెద్ద బడి, కొత్త పియానో, ఇట్లే ఉంటుందేమోలే అనుకున్నాను.

“ఏమైంది? మర్చిపోయ్నాదా?” అన్నాడు అబూబకర్.

టీచరమ్మ చెయ్యెత్తి ఆగమంది. తల ఒక పక్కకు వంచి వింటోంది.

లోపల ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఇంకోటి. చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు అటూ ఇటూ వినిపించాయి. గిడ్డయ్య నా వైపు చూసి పెదవి విరిచాడు. నా కాళ్ళ కింద బండ కాలుతున్నా కాళ్ళు తీయబుద్ధి కాలేదు. లోపలికి పోలేను, అరవలేను. బండ మీద అయితే ఇంతసేపటికి కాదు అని ఒక్క మాట అనేదాన్ని, బిడ్డ సర్దుకునేది.

అప్పుడు వచ్చింది గంటల పాట. ఒక్క వేలితో, నిదానంగా. ఎడమ చెయ్యి లేదు. కానీ ఒక్క చప్పుడు కూడా పక్కకు పోలేదు. మా నడవలో వినిపించిన పాట, ఆ గొంతుతోనే, ఆ లోతుతోనే మొదటి నుంచి కొసదాకా వచ్చింది.

నా పానం లేచొచ్చింది. కొంగు జారిందని కూడా చూసుకోలేదు. “చెప్పమ్మా టీచరమ్మా, అల్లునికి చెప్పు. వచ్చేసినాది. మొదట కొంచెం బెదిరినాది, అంతే. ఇప్పుడు సరిగ్గా వాయించినాది. అదే పాట, మన పాటే!”

అబూబకర్ ముఖం కూడా కొంచెం వదులైంది. “పాసయినట్లేనా?” అని అడిగాడు.

టీచరమ్మ మాత్రం అల్లుని వైపు తిరగలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తోంది.

“లేదక్కా,” అంది. “పాడైపోయింది.”

“నేను ఇన్నా గదమ్మా! నా చెవులు పోయినాయా?”

“నీ చెవులు బాగానే ఉన్నాయి. బిడ్డ చెవులూ బాగానే ఉన్నాయి. నా పియానోనే బాగాలేదు.”

ఆ పియానో సంగతి ముందు భాగాల్లో కొంత రాశాను. దొరసానులు ఉన్న కాలం నాటిది. మన ఎండలకు చెక్క పగలకుండా ఎండాకాలమంతా దాని కడుపులో ఒక గిన్నెతో నీళ్ళు పెడుతుంది టీచరమ్మ. శ్రుతి చేసేవాళ్ళు కర్నూలులో లేరు. ఎప్పుడో మద్రాసు నుంచి ఒక ముసలాయన వచ్చి చూసి, “తీగలు పాతవైపోయాయి. పూర్తిగా బిగిస్తే తెగుతాయి. అన్నిటినీ ఒక్క మెట్టు కిందికి దించి, వాటిలో వాటికి కుదిరేట్టు చేస్తా,” అన్నాడట. అట్లాగే చేసి పోయాడు. అప్పటి నుంచి టీచరమ్మ ఇంట్లో డో మెట్టు నొక్కితే దాని పక్కనున్న కింది మెట్టు చప్పుడు వస్తుంది.

టీచరమ్మ ఇప్పుడు ఆ మాటే చెప్పింది. “మిగతా పిల్లలకు ఇండ్లలో చిన్న కీబోర్డులు ఉన్నాయక్కా. అక్కడొక రకం, ఇక్కడొక రకం విని అలవాటు పడ్డారు. వాళ్ళల్లో ఎవరికీ పరీక్షలో ఇట్లా కాలేదు. నాకు తట్టనేలేదు. ఫిరోజా విన్నది నా పియానో ఒక్కటే. ఇంటికొస్తే బండ. బండ ఏం చెప్తుంది? ఇక్కడ సరైన మెట్టు మీదే వేలు పెట్టింది. చప్పుడు వేరేగా వచ్చేసరికి వేలు తప్పిందనుకుంది. తనకు తెలిసిన చప్పుడు ఎక్కడుందో వెతుక్కుంది. వెతికి, తప్పు మెట్ల మీద, నల్ల మెట్ల మీద పాటంతా వాయించింది. పుస్తకంలో ఆ పాటకు నల్ల మెట్టు ఒక్కటి కూడా లేదు.”

అబూబకర్ దగ్గరికొచ్చాడు. “నాకివన్నీ తెల్దు. తప్పా, ఒప్పా? ఒక్క మాట చెప్పండి.”

“చెవికి ఒప్పు నాయనా. పరీక్షకు తప్పు.”

“చెవికి మార్కులు ఏస్తారా?”

టీచరమ్మ లేచి తలుపు వైపు పోయింది. గిడ్డయ్య కుర్చీలోంచి లేచి చేతులు అడ్డం పెట్టాడు. “యాడికమ్మా? పోగూడదు. నా ఉద్యోగం పోతాది.”

“ఒక్క మాట చెప్పొస్తా గిడ్డయ్యా. పియానోలు వేరే వేరే అని చెప్పాలంతే.”

“నేర్పినోళ్ళు అసలుకే పోగూడదు. నీ కాళ్ళకు మొక్కుతా, కూసో.”

టీచరమ్మ కూర్చోలేదు. తలుపుకు ఎదురుగా అట్లాగే నిలబడింది. ఇంతమంది పిల్లల వేళ్ళు దిద్దిన మనిషి, ఒక చెక్క తలుపు ముందు ఏమీ చేయలేక నిలబడటం చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. లోపల రెండో పాట మొదలుకాలేదు.

ఆ తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో మద్రాసు మేడమ్. “ఈ పాపకు నేర్పింది ఎవరు?” అంది.

టీచరమ్మ నోరు తెరిచేలోపలే మేడమ్ మోచేతి కింది నుంచి ఫిరోజా తల బయటికి వచ్చింది. “టీచరమ్మా, ఈళ్ళ పియానో చెడిపోయిండాది. డో ఉండే చోట డో లేదు. నేను ఎతికి పట్టుకొని వాయించినా,” అంది. మెచ్చుకుంటారని చూస్తోంది.

ఎవరమూ మెచ్చుకోలేదు. ఆ పిల్ల ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

మేడమ్ టీచరమ్మను చూసింది. “మీ పియానో ఎంత కిందికి ఉంది?”

“ఒక్క మెట్టు మేడమ్.”

“ఇంట్లో కీబోర్డు?”

“లేదు మేడమ్.”

“బండ ఉండాది,” అంది ఫిరోజా.

మేడమ్ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఆమె మాట కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది. “నాకు అర్థమైంది. ఇంత చిన్నపిల్ల అట్లా వెతికి వాయించడం నేను చూడలేదు. కానీ నేను మార్కులు వేయాల్సింది పుస్తకంలో ఉన్న పాటకు. మొదటి పాట పోయింది. ఇంకా రెండు ఉన్నాయి, నేను వాయిస్తే తను పాడేది ఉంది. అవి బాగా చేస్తే గట్టెక్కవచ్చు. కానీ ఈ పాప ఇక మెట్టు ముట్టనంటోంది. చెడిపోయిన పియానో వాయించదట.”

“నేను చెప్తాను మేడమ్,” అంది టీచరమ్మ.

“మీరు రాకూడదు. చిన్నపిల్ల కాబట్టి ఇంటివాళ్ళు ఒకరు వచ్చి పక్కన కూర్చోవచ్చు. ధైర్యం చెప్పవచ్చు. వేలు పెట్టి చూపించకూడదు.”

అబూబకర్ ముందుకొచ్చాడు. “నేనొస్తా మేడమ్. తండ్రిని.”

ఫిరోజా మేడమ్ చీర పట్టుకుని వెనక్కి జరిగింది. “నాయన వద్దు. నాయనకు తెల్దు. నాయన ఎప్పుడూ ఇన్లేదు. అవ్వ రావాల.”

బిడ్డ వైపు చాచిన అబూబకర్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ చేతిలోనే ఫోను మోగింది. దాన్ని చూసి, ఎత్తలేదు, ఆపలేదు. అది మోగుతుండగానే తిరిగి నా వైపు చూశాడు. స్తంభం వైపు కాదు, నా ముఖంలోకి.

“అత్తా,” అన్నాడు.

పెళ్ళైన ఇన్నేండ్లలో నన్ను నేరుగా పిలవడం అదే మొదటిసారి. నాకు కొంగు సర్దుకోవాలని కూడా తోచలేదు.

“పో అత్తా. పోయి, ఇదే సరైన డో అని చెప్పు. టీచరమ్మది తప్పు, ఇది ఒప్పు అని చెప్పు. నీ మాటైతే ఇంటాది. నేను మాటిచ్చినా గదా, పాసైతే నీ కాడే ఉంటాది.”

నేను టీచరమ్మను చూశాను. ఆమె నేల చూపులు చూస్తూనే, “చెప్పక్కా,” అంది. “నాది తప్పని చెప్పు. తప్పే కదా. ఇప్పుడు నా పరువు ముఖ్యం కాదు.”

గిడ్డయ్య కుర్చీ పక్కకు లాగాడు. నేను లోపలికి పోయాను.

గది చల్లగా ఉంది. పియానో నల్లగా, అద్దంలా ఉంది. నేను కుట్టిన దిండు స్టూలు మీద ఉంది. బస్సులో కర్నూలు నుంచి బిడ్డే ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది దాన్ని. ఫిరోజా దాని మీదికి ఎక్కి కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళోనే ముడుచుకుంది. కూర్చోమని మేడమ్ నాకు కుర్చీ చూపించింది. నేను కింద కూర్చోబోయి, మళ్ళీ లేచి కుర్చీలో కూర్చున్నాను.

“పాపా, ఇది డో,” అని మేడమ్ ఒక మెట్టు నొక్కింది.

ఫిరోజా ఆ మెట్టును చూడలేదు. నన్ను చూసింది. బండ మీద పాడి, సూదిలో దారం ఎక్కిస్తున్న నా వైపు తిరిగి చూసేదే, ఆ చూపే.

“అవ్వా, నువ్వు చెప్పు. ఇది మన డోనా?”

నాకు సంగీతం తెలియదు. నాకు తెలిసినవి రెండే మాటలు. ఆ రెండు మాటల మీదే ఆ బిడ్డ ఇంతదూరం వచ్చింది. నేను అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్కనాడు కూడా బిడ్డ సంతోషం కోసమని కాదు అనాల్సిన చోట అవును అనలేదు. ఇప్పుడు అవును అంటే అబద్ధం. తను నమ్మి వాయిస్తుంది. కానీ రేపు బండ మీద మళ్ళీ ఏది అవును? కాదు అంటే నిజం. ఆ నిజంతో ఆమె చేతులు ఒళ్ళోనే ఉండిపోతాయి, సాయంత్రానికి హాస్టలు గేటు. వేరే మాట ఏదైనా ఉందేమోనని వెతికాను. పియానోలు రెండు రకాలుంటాయని, రెండూ సరైనవేనని టీచరమ్మ అయితే చెప్పగలదు. నా నోటికి అది చెప్పే తీరు తెలియదు.

మేడమ్ ఆ మెట్టును మళ్ళీ నొక్కి, వేలు తీయకుండా పట్టుకుంది. చప్పుడు గదిలో సాగుతూ ఉంది.

తలుపు అవతల ఫోను మళ్ళీ మోగి ఆగింది. అబూబకర్ గొంతు వినిపించింది. “ఆఁ, నమస్తే సార్... ఈడనే ఉండా సార్... ఒక్క నిమిసం. ఇప్పుడే చెప్తా.”

ఫిరోజా కుడిచెయ్యి ఒళ్ళోంచి పైకి లేచింది. సంగటి ముద్ద పట్టుకున్నట్టు గుండ్రంగా చేసి, మెట్టు మీద ఆనించకుండా గాలిలో ఆపింది. కళ్ళు నా మీదే.

నేను నోరు తెరిచాను. మిగతాది వచ్చే వారం రాస్తాను.

దూదేకుల పీరమ్మ,
వయసు అరవై నాలుగు,
ఇప్పుడు ఉండేది ఓర్వకల్లు.